టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ రెండోసారి కాలిందంటే ముందు చూడవలసింది కాగితాన్ని కాదు, కాలిన చోటును

ఒడిశాలోని రాయగడ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు షాపు నడుపుతున్న ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర 50 కె.వి. (అంటే 50 వేల వోల్టులు), 5 కె.వి.ఎ. సామర్థ్యం గల ఆయిల్ టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ (ఎక్కువ వోల్టేజి పెట్టి ఇతర వస్తువుల ఇన్సులేషన్‌ను, అంటే కరెంటును ఆపే పొరను, పరీక్షించే సెట్) ఒకటి ఉంది. మరమ్మతు చేసిన 11 కె.వి. ట్రాన్స్‌ఫార్మర్లకు, లైన్‌మెన్ వాడే రబ్బరు గ్లవ్స్‌కు, అప్పుడప్పుడు కేబుల్ ముక్కలకు దానితో పరీక్ష చేస్తారు. పని పడితే వ్యానులో వేసుకుని గుణుపురం, జయపురం, కొరాపుట్ దాకా తీసుకువెళతారు. మూడేళ్లలో అది రెండుసార్లు కాలిపోయింది. మొదటిసారి హెచ్.వి. (హై వోల్టేజి) కాయిల్ బయటి పొరలు కాలాయి. రెండోసారి, ఈ వానాకాలంలో, లోపలి పొరలు ఎల్.వి. (లో వోల్టేజి) కాయిల్‌తో కలిసి కాలాయి, ప్యానెల్ మీద చిన్న కరెంటును కొలిచే మిల్లీ అమ్మీటరు కూడా పేలిపోయింది. రెండుసార్లూ రివైండింగ్ చేసినవారు (కాలిన కాయిల్‌ను కొత్తగా చుట్టినవారు) పొరల మధ్య ఇన్సులేషన్‌గా వేసిన కాగితం నాసిరకమని, ఈసారి మంచి కాగితం వేస్తామని చెప్పారట. కొరాపుట్‌లో సెట్ బుషింగ్ (హెచ్.వి. కొసను ట్యాంకు బయటికి తెచ్చే పింగాణీ గొట్టం) బయట ఫ్లాష్ అవుతోందని, అంటే నిప్పురవ్వ దూకుతోందని కూడా రాశారు. మూడోసారి మంచి కాగితంతో చుట్టించాలా, లేక ఆయిల్ లేని డ్రై టైపు సెట్ కొనాలా అని ఆయన అడుగుతున్నారు.

ఈ రెండూ ఇప్పుడే వద్దని నా సలహా. మీరు చెప్పిన కాలిన చోట్లను బట్టి చూస్తే ఈ రెండు సంఘటనలకూ కారణాలు వేరు వేరు, వాటిలో ఏదీ కాగితం నాణ్యతతో మొదలైనట్టు కనిపించదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కాయిల్ కాలిన ప్రతిసారీ కాగితాన్ని తిట్టడం మన రివైండింగ్ షాపుల్లో పాత అలవాటు. రాయగడలోనూ జయపురంలోనూ కలిపి ఇరవై ఎనిమిదేళ్లు ఇదే పని చేసిన నేను కూడా మొదటి పదేళ్లు ఆ మాటే అంటూ వచ్చాను కనుక మీ వైండర్‌ను తప్పుపట్టడం లేదు. కానీ కారణం తెలియకుండా మూడోసారి చుట్టిస్తే, ఎంత ఖరీదైన క్రాఫ్ట్ పేపరు వేసినా, అది కూడా ఇంచుమించు అదే దారిన పోతుంది.

ముందుగా ఆ కాయిల్ నిర్మాణం గుర్తు చేసుకోవాలి. ఇలాంటి చిన్న సెట్లలో ఇనుప కోర్ మీద ఎల్.వి. కాయిల్, దాని మీద హెచ్.వి. కాయిల్ పొరలు పొరలుగా ఉంటాయి. హెచ్.వి. కాయిల్‌లో అన్నిటికంటే లోపలి కొస ఎర్త్‌కు పోతుంది, అన్నిటికంటే బయటి కొస పైనున్న బుషింగ్‌కు పోతుంది. లోపలి కొస ఎప్పుడూ ఎర్త్ దగ్గరే ఉంటుందన్న నమ్మకంతో తయారీదారు దానికీ ఎల్.వి. కాయిల్‌కూ మధ్య రెండు మూడు వేల వోల్టులకు సరిపడే ఇన్సులేషన్ మాత్రమే వేస్తాడు. బయటికి పోయే కొద్దీ పొర పొడవు తగ్గిస్తూ, అంచుల దగ్గర ఖాళీ పెంచుతూ పోతాడు. ఉదాహరణకు 40 పొరలు ఉంటే ఒక్కో పొరకు 1,250 వోల్టులు వస్తాయి. పక్కపక్క పొరలు ఒక అంచున కలిసి, రెండో అంచున విడిగా ఉంటాయి కనుక ఆ విడి అంచున వాటి మధ్య 2,500 వోల్టులు ఉంటాయి. మామూలు పరీక్షలో ఆ కాగితం మోయవలసిన భారం ఇంతే, అది నాసిరకం కాగితమైనా మోయగల భారమే.

ఇక మొదటి సంఘటన. టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉద్యోగమే ఇతరుల ఇన్సులేషన్‌ను పంక్చర్ చేసి చూడడం. గ్లవ్ చిరిగిపోయిన క్షణంలో, లేదా మరమ్మతు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్ మీదుగా ఫ్లాష్ అయిన క్షణంలో, మీ హెచ్.వి. టెర్మినల్ మీది వోల్టేజి ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. మీటరు మీద కనిపించే 50 కె.వి. అంటే అల శిఖరం దగ్గర 70.7 కె.వి.; అదంతా ఒక మైక్రోసెకను లోపే కూలిపోతుంది. అంత వేగంగా మారే వోల్టేజికి కాయిల్ ఒక కాయిల్‌లాగా కనిపించదు. పొరకూ పొరకూ మధ్య, పొరకూ ఎర్త్‌కూ మధ్య ఉన్న చిన్న చిన్న కెపాసిటెన్సుల (చార్జిని నిలవ చేసుకునే జాగాల) గొలుసులాగా కనిపిస్తుంది. ఆ గొలుసులో బరువు అన్ని పొరల మీదా సమానంగా పడదు. బయటి ఒకటి రెండు పొరలే దానిలో పెద్ద భాగాన్ని మోస్తాయి, ఆ బయటి పొరలోనూ మొదటి కొన్ని చుట్లు మరీ ఎక్కువ మోస్తాయి. మామూలుగా కొన్ని వోల్టులు చూసే పక్కపక్క చుట్ల మధ్య ఆ క్షణంలో వందల, వేల వోల్టులు కనిపిస్తాయి.

ఒక్క ఫ్లాష్‌తో కాయిల్ చావదు. తీగ ఎనామెల్‌లో సూదిమొన అంత రంధ్రం పడుతుంది, పక్కనున్న కాగితం కొద్దిగా నల్లబడుతుంది. తరువాతి ఫ్లాష్ ఆ చోటనే వెతుక్కుంటుంది. అలా పదులకొద్దీ దెబ్బలు తిన్నాక రెండు చుట్లు కలిసిపోతాయి, టర్న్ షార్ట్ అవుతుంది, ఆ చుట్టులో తిరిగే కరెంటు చుట్టుపక్కల కాగితాన్ని కాల్చేస్తుంది. అందుకే చాలా సెట్లు ఫ్లాష్ అయిన సమయంలో కాక, మరునాడు ఉదయం ఏ వస్తువూ తగిలించకుండా ఖాళీగా వోల్టేజి ఎక్కిస్తున్నప్పుడు కాలిపోతాయి. చూసినవారికి ఏ కారణమూ లేకుండా కాలినట్టు ఉంటుంది, నింద కాగితం మీదికి పోతుంది.

దీనికి మందు కాగితంలో లేదు, సెట్‌కూ పరీక్షించే వస్తువుకూ మధ్య దారిలో పెట్టవలసిన నిరోధకంలో, అంటే సిరీస్ రెసిస్టరులో ఉంది. మీ సెట్‌కు అది ఉందా? తయారీదారు ఇచ్చి ఉంటే బుషింగ్ మీద నిలువుగా పొడవాటి గొట్టంలా ఉంటుంది. చాలా షాపుల్లో అది విరిగిపోయిన రోజున తీసి మూలన పడేసి, బుషింగ్ నుంచి నేరుగా తీగ లాగుతారు. 50 కె.వి., 100 మిల్లీ ఆంపియర్ల సెట్‌కు నేను 50 కిలో ఓముల రెసిస్టరు వాడతాను. బుషింగ్‌కూ కాయిల్ కొసకూ కలిపి కొన్ని వందల పికోఫారడ్‌ల కెపాసిటెన్సు ఉంటుంది కనుక, ఈ రెసిస్టరు అడ్డం ఉంటే సెట్ టెర్మినల్ వోల్టేజి మైక్రోసెకనులో కూలకుండా పది, పదిహేను మైక్రోసెకన్ల మీద దిగుతుంది. ఆ తేడాయే బయటి పొరల ప్రాణం. ఇందువల్ల పరీక్ష వోల్టేజి తగ్గిపోతుందేమోనన్న భయం అక్కరలేదు. గ్లవ్‌లు, బుషింగులు తీసుకునే కొద్దిపాటి కెపాసిటివ్ కరెంటుకు దానిలో పోయేది లెక్కలోకి రాదు.

ఆ రెసిస్టరు విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది, వస్తువు ఫ్లాష్ అయిన క్షణంలో వోల్టేజి దాదాపుగా అంతా దాని మీదే పడుతుంది కనుక అది కనీసం 40 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. రేడియో దుకాణంలో దొరికే చిన్న రెసిస్టర్లు నాలుగు కలిపి సోల్డర్ చేస్తే వాటి మీదుగానే ఫ్లాష్ అవుతుంది. రెండవది, ఫ్లాష్ తరువాత ట్రిప్ (సరఫరా తెగడం) ఆలస్యమైతే ఆ రెసిస్టరే బలి అవుతుంది. సెట్ ఇంపిడెన్సు (కరెంటుకు అది చూపే సొంత అడ్డు) 10 శాతం అనుకుంటే, షార్ట్ నిలిచిపోయినప్పుడు 0.7 ఆంపియర్ దాకా పారి, రెసిస్టరులో 25 కిలోవాట్ల వేడి పుట్టగలదు. కాబట్టి ప్రైమరీ వైపు (సెట్‌కు కరెంటు ఇచ్చే ఎల్.వి. వైపు) ఓవర్‌లోడ్ రిలే తక్షణమే పడేలా సెట్ చేసి ఉండాలి. పడుతోంది కదా అని దాని అమరికను రెట్టింపు చేసిన షాపులను నేను చూశాను. వోల్టేజిని పెంచి తగ్గించే వేరియాక్ సున్నా దగ్గర ఉంటేనే స్విచ్ ఆన్ అయ్యే ఇంటర్‌లాక్‌ను తీగతో బైపాస్ చేసిన చోట్లూ ఉన్నాయి; సగం వోల్టేజి మీద ఒక్కసారిగా స్విచ్ వేస్తే కెపాసిటివ్ లోడ్ మీద ఆ క్షణంలో శిఖరం రెట్టింపు దాకా పోవచ్చు.

వైండర్‌కు చెప్పవలసినది కూడా ఒకటి ఉంది. అసలు కాయిల్ బయటి పొర మీద పలుచని రాగి లేదా అల్యూమినియం రేకు ఒకటి చుట్టి, దానిని హెచ్.వి. కొసకు కలిపి ఉంటారు. అది అలంకారం కాదు. పైన చెప్పిన దెబ్బను పొర అంతటా పరిచేది అదే. రివైండింగ్‌లో మొదట మాయమయ్యేది కూడా అదే. కాలిన కాయిల్ విప్పుతున్నప్పుడు మీరు పక్కనే నిలబడి ఆ రేకు ఉందో లేదో చూడండి. తిరిగి వేసేటప్పుడు రేకు రెండు అంచులూ ఒకదానిపై ఒకటి వచ్చినా మధ్యలో కాగితం ఉండాలి. అవి తగిలితే రేకే ఒక షార్ట్ టర్న్ అయి, కొత్త కాయిల్ మొదటి రోజే పొగ కక్కుతుంది.

రెండవ సంఘటన దీనికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అందులో మనిషి ప్రాణమే పోయి ఉండేది. లోపలి పొరలు, ఎల్.వి. కాయిల్, మిల్లీ అమ్మీటరు ఈ మూడూ ఒకేసారి పోయాయంటే నా అనుమానం ఒక్కదాని మీదే: హెచ్.వి. కాయిల్ లోపలి కొస ఎర్త్‌ను వదిలేసింది. మీదిలాంటి సెట్లలో ఆ కొస ట్యాంకు మూత మీది చిన్న బుషింగ్ ద్వారా బయటికి వచ్చి, పొడవాటి వైరుతో ప్యానెల్‌కు పోయి, మిల్లీ అమ్మీటరు గుండా ఎర్త్‌కు చేరుతుంది. లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు మీద వ్యాను ఊపులకు ఆ వైరు కొసను బిగించే లగ్ వదులు కావడం, ప్లగ్ పిన్ను లోపల విరగడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎర్త్ పోయినా ఖాళీ సెట్ మీద పెద్ద తేడా కనిపించదు, మీటరు సున్నా చూపిస్తుంది అంతే. కానీ పరీక్షలో ఉన్న వస్తువు ఫ్లాష్ అయిన మరుక్షణం కాయిల్ పై కొస వస్తువు ద్వారా ఎర్త్‌కు తగిలినట్టవుతుంది. కాయిల్‌లో 50 కె.వి. అలాగే ఉంది కనుక ఎర్త్ వదిలేసిన లోపలి కొస 50 కె.వి. మీదికి లేస్తుంది. మూడు వేల వోల్టులకు చేసిన ఇన్సులేషన్ దానిని ఆపలేదు, అది ఎల్.వి. కాయిల్‌లోకీ, మీటరులోకీ దూకుతుంది. మీటరు ముందు కూర్చున్న మనిషి చేయి ఆ సమయంలో ప్యానెల్ మీద ఉంటే ఏమయ్యేదో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి ఖర్చు లేని పరిష్కారం ఉంది. లోపలి కొసను ట్యాంకు మూత దగ్గరే ఎర్త్ బోల్టుకు ఒక గ్యాస్ డిశ్చార్జి ట్యూబ్ ద్వారా కలపండి. కొన్ని వందల వోల్టుల మీద అది కొట్టుకుని దారి ఇస్తుంది. అంతకంటే తక్కువ ఉన్నప్పుడు కరెంటు మామూలుగా మీటరు గుండానే పోతుంది. మీటరు అక్కరలేని పరీక్షల్లో ఆ కొసను అక్కడే రాగి స్ట్రాప్‌తో నేరుగా ట్యాంకుకు బిగించేయండి. ఇంకొకటి: పరీక్షించే వస్తువు ఎర్త్‌నూ సెట్ ఎర్త్‌నూ వేరు వేరు ఎర్త్ పిట్లకు (గుంతలకు) కలిపి, మధ్యలో నేల కలుపుతుందిలే అని ఊరుకోవడం మన వైపు సాధారణంగా కనిపించే తప్పు. రాయి కలిసిన ఎర్రనేలలో రెండు పిట్ల మధ్య నిరోధం పదుల, వందల ఓములు ఉంటుంది. వస్తువు అడుగు నుంచి సెట్ ట్యాంకుకు నేరుగా వెడల్పాటి రాగి జడ వేసి, ఆ రెండింటినీ కలిపి ఒక పిట్‌కు తీసుకువెళ్లాలి.

ఇక నీటి సంగతి. పై రెండు కారణాలూ కాయిల్‌ను చంపేవైతే, నీరు దానిని ముసలిదాన్ని చేసేది. సెట్ ఈ వానాకాలంలో పోయింది కనుక దాని పాత్ర కూడా ఉండి ఉంటుంది. చాలామంది ఆయిల్ ఫిల్టర్ చేయిస్తే నీరు పోయిందనుకుంటారు. మీ సెట్‌లో 40 లీటర్ల ఆయిల్, 10 కిలోల కాగితం, ప్రెస్‌బోర్డు ఉన్నాయనుకోండి. కాగితంలో తేమ 2 శాతం ఉంటే అది 200 గ్రాముల నీరు. ఆయిల్‌లో 20 పి.పి.ఎం. (పది లక్షల్లో 20 వంతులు) నీరు ఉంటే అది 35 కిలోల ఆయిల్‌కు ఒక గ్రాము కూడా కాదు. ఆయిల్‌లోని ఆ ముప్పాతిక గ్రామును ఫిల్టర్ మెషీన్ తీసేస్తుంది, కొద్ది రోజుల్లో కాగితం మళ్లీ అంత నీటినీ ఆయిల్‌కు ఇస్తుంది. మళ్లీ బి.డి.వి. (ఆయిల్ తట్టుకోగల వోల్టేజి) పడిపోయిందని ఆయిల్ సరఫరాదారును తిడతాం.

అదే ఆయిల్ రాయగడలో బాగుండి కొరాపుట్‌లో చెడిపోవడం కూడా చాలామందిని తికమక పెడుతుంది. ఖనిజ ఆయిల్ కరిగించుకోగల నీరు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది: 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 120 పి.పి.ఎం., 20 డిగ్రీల దగ్గర సుమారు 55, 10 డిగ్రీల దగ్గర 36 మాత్రమే. మీ ఆయిల్‌లో 30 పి.పి.ఎం. నీరు ఉందనుకుందాం. రాయగడ వేసవిలో అది కరిగించుకోగల దానిలో నాలుగో వంతు, ఏ ఇబ్బందీ ఉండదు. అదే సెట్‌ను పుష్యమాసంలో కొరాపుట్ తీసుకువెళ్లి రాత్రంతా వ్యానులో ఉంచి తెల్లవారి స్విచ్ వేస్తే, ఆయిల్ ఐదింట నాలుగు వంతులకు పైగా నిండి ఉంటుంది. ఆయిల్‌ను బలహీనపరిచేది నీటి మొత్తం కంటే అది నిండుదలకు ఎంత దగ్గరగా ఉందన్నదే. తేమ పీల్చుకున్న సన్నని నూలు పోగులు విద్యుత్ క్షేత్రంలో వరుస కట్టి వంతెన వేస్తాయి, ఆ వంతెన మీదుగా కరెంటు నడుస్తుంది. కాబట్టి బి.డి.వి. పరీక్ష చేసినప్పుడు ఆయిల్ ఉష్ణోగ్రత పక్కన రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. 2.5 మిల్లీమీటర్ల గ్యాప్‌లో ఆరు రీడింగులు తీసుకుని సగటు చూడడం ఎలాగూ మీకు తెలుసు. ఆరింటిలో ఒకటి రెండు మిగతావాటికంటే బాగా కిందికి ఉంటే నేను సగటును కాక ఆ కింది అంకెలనే నమ్ముతాను, ఎందుకంటే అవి పోగులు, దుమ్ము ఉన్నాయని చెబుతున్నాయి. టెస్టింగ్ సెట్‌లో 50 కె.వి. కంటే తక్కువ చూపే ఆయిల్‌ను ఉంచకపోవడం నా సొంత నియమం.

కాయిల్‌ను ఆరబెట్టడమంటే ఓవెన్‌లో 100 డిగ్రీల పైచిలుకు వేడి మీద, వీలైతే వ్యాక్యూమ్‌తో, మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) చూస్తూ ఆరబెట్టడం. మొదట వేడికి మెగ్గర్ రీడింగు పడిపోతుంది, చాలా గంటలు కిందే ఉంటుంది, తరువాత నెమ్మదిగా లేచి ఒకచోట నిలబడుతుంది. రీడింగు లేవడం మొదలు కాగానే బయటికి తీసేవారే ఎక్కువ. నిలబడిన తరువాత ఇంకొన్ని గంటలు ఉంచాలి. ఆ వేడి మీదే వ్యాక్యూమ్ కింద ఆయిల్ పోయాలి. బయట చల్లారబెట్టి, బకెట్‌తో ఆయిల్ పోస్తే పొరల మధ్య గాలి బుడగలు చిక్కుకుంటాయి. గాలి పర్మిటివిటీ (ఇది తక్కువున్న పదార్థం మీద విద్యుత్ ఒత్తిడి ఎక్కువ పడుతుంది) 1, ఆయిల్‌ది 2.2, ఆయిల్ తాగిన కాగితానిది 4 దాకా ఉంటుంది కనుక విద్యుత్ ఒత్తిడి ఆ బుడగలోనే ఎక్కువవుతుంది. తట్టుకునే శక్తి మాత్రం మూడింటిలోనూ గాలికే తక్కువ. బుడగ లోపల ప్రతి అలలోనూ చిన్న చిన్న మెరుపులు వస్తూ కాగితాన్ని చెదపురుగులా తినేస్తాయి. దీనినే పార్షియల్ డిశ్చార్జి అంటారు. దానిని కొలిచే పరికరం మన షాపులకు అందే ధర కాదు. పాత ఎ.ఎం. రేడియో ఒకటి స్టేషన్ లేని చోట తిప్పి ప్యానెల్ దగ్గర పెట్టండి. ఖాళీ సెట్ మీద ఒక వోల్టేజి దాటగానే అది గరగరమంటే, ఆ వోల్టేజిని రాసుకోండి. బుషింగ్ చివర గాలిలో వచ్చే కరోనా మెరుపు కూడా అలాగే వినిపిస్తుంది కనుక ముందు పైన గుండ్రటి బంతిలాంటి టెర్మినల్ తొడిగి చూడాలి. నెలనెలకూ ఆ గరగర తక్కువ వోల్టేజికే మొదలవుతుంటే లోపల ఏదో పెరుగుతోందని అర్థం. మొరటు పద్ధతే, కానీ నన్ను రెండుసార్లు కాపాడింది.

ఘాట్ రోడ్డు దాటి తీసుకువెళ్లిన సెట్‌ను దించిన వెంటనే స్విచ్ వేయకండి. కుదుపులకు ఆయిల్‌లో కలిసిన గాలి పైకి తేలడానికి కొన్ని గంటలు ఇచ్చి, ఆయిల్ లెవెల్ చూసి, సగం వోల్టేజి మీద పది నిమిషాలు ఉంచి, ఆ తరువాతే పైకి పోవాలి.

మీరు కేబుల్ ముక్కలు కూడా పరీక్షిస్తున్నామన్నారు. ఇక్కడ ఒక లెక్క చూడండి, ఎందుకంటే మీ సెట్ మీద మీకు తెలియకుండా పడుతున్న భారం ఇది. వోల్టేజి మీటరు ప్రైమరీ వైపు ఉందని, సెట్ ఇంపిడెన్సు 10 శాతమని, అంటే హెచ్.వి. వైపు 50 కిలో ఓముల రియాక్టెన్సు (ఏ.సి. కరెంటుకు కాయిల్ చూపే అడ్డు) అని అనుకుందాం. 11 కె.వి. ఎక్స్.ఎల్.పి.ఇ. (ఒక రకం పాలిథిన్ ఇన్సులేషన్) కేబుల్‌కు కిలోమీటరుకు సుమారు 0.3 మైక్రోఫారడ్ పెట్టుకుంటే, 70 మీటర్ల ముక్కకు 21 నానోఫారడ్‌లు, అంటే 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 150 కిలో ఓములు. కెపాసిటివ్ కరెంటు ఆ రియాక్టెన్సు గుండా పారినప్పుడు వోల్టేజి తగ్గదు, పెరుగుతుంది. మీరు మీటరు మీద 15 కె.వి. చూసి ఆపితే కేబుల్ మీద నిజంగా ఉండేది 22 కె.వి. పైమాటే, కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు కాదు, 150. కేబుల్ పేలితే కేబుల్ చెడ్డదంటాం, సెట్ వేడెక్కితే కాగితం చెడ్డదంటాం. ఆ సెట్‌తో అంత పొడవు కేబుల్ పరీక్షించనే కూడదు; చిన్న ముక్కలకైనా హెచ్.వి. వైపు నేరుగా కొలిచే డివైడర్ ఒకటి కొనుక్కోండి, మీరు అడిగిన డ్రై టైపు సెట్ కంటే ముందు కొనవలసినది అదే.

మెగ్గర్ విషయంలో నా సొంత తప్పు ఒకటి చెబుతాను. జయపురంలో పని చేస్తున్నప్పుడు, మంచి సెట్ ఒకటి సర్వీసుకు వచ్చింది. లోపలి కొసను ఎర్త్ నుంచి విప్పి, హెచ్.వి. కాయిల్‌కూ ట్యాంకుకూ మధ్య 5 కె.వి. మెగ్గర్ పెట్టాను. హెచ్.వి. కాయిల్ కదా, 5 కె.వి. ఏమంత అనుకున్నాను. టక్కుమని శబ్దం వచ్చి రీడింగు సున్నాకు పడింది. లోపలి కొస ఇన్సులేషన్ అంత వోల్టేజికి చేసినది కాదని అప్పుడు తెలిసింది. పంక్చర్ చేసింది నేనే, రివైండింగ్ ఖర్చు నా జీతంలోనే పోయింది. ఇలాంటి కాయిల్‌కు ఎర్త్ మీద 500 వోల్టుల మెగ్గర్, మించితే 1,000 చాలు. పై పొరల ఇన్సులేషన్‌ను పరీక్షించాలంటే బయటి నుంచి వోల్టేజి పెట్టే దారి లేదు, ఎల్.వి. వైపు నుంచి, కోర్ శాచురేట్ కాకుండా (అయస్కాంతత్వంతో నిండిపోకుండా) 100 హెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీతో, ఇండ్యూస్డ్ పరీక్ష చేయాలి. రివైండింగ్ చేసినవారు ఆ పరీక్ష చేసి ఇచ్చారా అని అడగండి. చేయలేదంటే మీ సెట్ మొదటి పరీక్షే దాని అంగీకార పరీక్ష కూడా అయిందన్నమాట.

కొరాపుట్‌లో బుషింగ్ బయట ఫ్లాష్ అవుతోందని మీరు రాసినది మాత్రం వేరే కథ, దానికి లోపలి ఇన్సులేషన్‌తో సంబంధం లేదు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి సాంద్రత సుమారు పదో వంతు తక్కువ, గాలిలో ఫ్లాష్ అయ్యే వోల్టేజి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. పైగా పొగమంచు పట్టిన ఉదయాల్లో పింగాణీ మీద తడి దుమ్ము ఉంటుంది. స్పిరిట్‌తో తుడిచి, ఆరిన తరువాత పరీక్షించండి, సెట్‌ను పూర్తి 50 కె.వి. దాకా తీసుకుపోకండి.

డ్రై టైపు గురించి. రెజిన్ పోత పోసిన సెట్ తేలికగా ఉంటుంది, వ్యానులో ఆయిల్ కారదు, కొండల్లో తిరిగేవారికి సుఖమే. కానీ దానిలో పోత పోసిన రోజున ఒక బుడగ మిగిలిపోతే ఆ బుడగను తీసే మార్గం లేదు, మరమ్మతు కూడా లేదు, పారేయడమే. ఆయిల్‌కు ఒక మంచి గుణం ఉంది: చిన్న ఫ్లాష్ జరిగిన చోట కొత్త ఆయిల్ వచ్చి నిండి గాయం పూడుతుంది. రోజూ వస్తువులను పంక్చర్ చేసే షాపుకు నేను ఆయిల్ సెట్‌నే సిఫారసు చేస్తాను. బయటికి తీసుకుపోవడానికి మాత్రమే చిన్న డ్రై సెట్ కొనాలనుకుంటే కొనండి, దానికీ సిరీస్ రెసిస్టరు తప్పదు.

కాబట్టి ఇప్పుడు ఉన్న సెట్‌నే చుట్టించండి, అయితే లోపలి కొస వైరు, ప్లగ్ ఎక్కడ తెగిందో మీ కళ్లతో చూసిన తరువాతే. మామూలు మంచి క్రాఫ్ట్ పేపరు చాలు. మిగిలే డబ్బు ఓవెన్‌కూ వ్యాక్యూమ్‌కూ పెట్టే వైండర్‌కు ఇవ్వండి. సెట్ తిరిగి వచ్చి బాగా పనిచేస్తున్న మొదటి రోజే హెచ్.వి. కాయిల్ ఓములు కొలవండి, అవి కొన్ని వేలల్లో ఉంటాయి. వస్తువేదీ తగిలించకుండా ప్రైమరీకి 50, 100, 150, 200 వోల్టులు ఇచ్చినప్పుడు ఎంత కరెంటు తీసుకుంటోందో చూడండి. ఈ అంకెలను గది ఉష్ణోగ్రతతో సహా ఒక కాగితం మీద రాసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. ఆరు నెలలకొకసారి అదే కొలత మళ్లీ తీయండి. టర్న్ షార్ట్ మొదలైన కాయిల్ తక్కువ వోల్టేజి మీదనే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది కనుక, పొగ రావడానికి ముందే ఆ కాగితం పక్కన రాసిన కొత్త అంకెలో అది కనిపిస్తుంది.